ఆకుపచ్చ సిరాతో ‘స్వతః’

1992 నవంబరు 11, బుధవారం రాత్రి. తేదీ ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం నా జ్ఞాపకశక్తి కాదు, ఆ రాత్రి తిన్న చివాట్లు.

అప్పట్లో నేనొక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్ని. టెలిప్రింటర్ గదిలోంచి అటెండరు స్కేలు పెట్టి చింపిన కాగితాలు తెచ్చి డెస్కు మీద పడేసేవాడు. విదేశీ వార్తలు నా వాటా. రాత్రి పది దాటాక వచ్చింది ఆ కాపీ. ఆడవాళ్లకు కూడా ప్రీస్టు పదవి ఇవ్వొచ్చని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పాలక సభ, అంటే సినడ్, లండన్‌లో తీర్మానించిందట. అక్కడ బిషప్పులు, గురువులు, మామూలు విశ్వాసులు మూడు సభలుగా ఓటేస్తారు. మూడింటిలోనూ మూడింట రెండొంతులు రావాలి. మొదటి రెండు సభల్లో గట్టెక్కింది. విశ్వాసుల సభలో 169 మంది ఔనన్నారు, 82 మంది కాదన్నారు. లెక్క వేసి చూస్తే ఇద్దరంటే ఇద్దరు చెయ్యి మార్చి ఉంటే తీర్మానం వీగిపోయేది.

వంద మాటల వార్త. పది నిమిషాల పని. కానీ మొదటి వాక్యంలోనే కలం ఆగిపోయింది. ఆడమనిషి ప్రీస్టు అయితే తెలుగులో ఏమనాలి?

‘మహిళా పూజారులు’ అని రాశాను. చీఫ్ సబ్ కళ్లజోడు పైకి నెట్టి, “చర్చిలో పూజ ఎక్కడ చేస్తారయ్యా, పూజారి అనడానికి?” అన్నారు. ‘పురోహితురాళ్లు’ అని దిద్దాను. “పెళ్లి చేయించడానికి వచ్చారా?” అన్నారు. ఈలోగా స్పోర్ట్స్ డెస్కుకి సంగతి పాకింది. “ఆడ ఫాదర్లు అని పెట్టెయ్ గురూ” అని ఒకడు. “ఫాదర్ ఆడదైతే మదర్ కదరా” అని ఇంకొకడు. “మదరంటే నన్ను.” “నిన్నా?” అని మూడోవాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. చివరికి ‘మహిళా మతగురువులు’ అని తేల్చి పంపేసరికి పేజీ పావుగంట ఆగింది. సింగిల్ కాలమ్ వార్త కోసం పేజీ ఆపినవాణ్ని నా సర్వీసులో నిన్నే చూశానని చీఫ్ సబ్ ఉతికి ఆరేశారు.

ఇంటికి పోతూ కూడా ఆ మాట దగ్గరే తిరిగాను. సన్యాసిని అనే మాట ఉంది. భిక్షుణి ఉంది. జోగిని ఉంది, దాని చరిత్ర వేరు. లోకాన్ని వదిలేసి పోయే ఆడమనిషికి మన భాషలో మాటలు బారులు తీరి ఉన్నాయి. పదిమంది ముందు నిలబడి నడిపించే ఆడమనిషి దగ్గరికి వచ్చేసరికి ‘మహిళా’ అని ముందొక తోక తగిలించుకోవాలి. తోక ముందుంటుందా అనకండి, ఈ మాట విషయంలో ముందే ఉంటుంది.

మర్నాడు పేస్టింగ్ టేబుల్ దగ్గర అచ్చు కాలమ్‌ల బ్రోమైడ్ కాగితాలు కోసి అంటించే కుర్రాడు నన్ను పట్టుకున్నాడు. ఒక పాస్టరు గారి కొడుకు. చేతిలో బ్లేడు, కళ్లు పేజీ మీద.

“రాత్రి అంత తంటాలు పడ్డారట. అమ్మగారు అని రాసెయ్యకపోయారా సార్?”

వాళ్ల సంఘంలో పాస్టరుని ‘అయ్యగారు’ అంటారు, ఆయన భార్యని ‘అమ్మగారు’. అది నాకు తెలుసు. తెలియనిది వాడు చెప్పాడు. వాళ్లమ్మ అమ్మగారిగా ఏం చేసేదో. ఎవరింట్లో జబ్బయినా అయ్యగారు వెళ్లి అయిదు నిమిషాలు ప్రార్థన చేసి వచ్చేవారు. ఆవిడ ఆ రాత్రంతా మంచం పక్కన కూర్చునేది. స్త్రీల కూడికలో వాక్యం చెప్పేది ఆవిడ. పిల్లలకి ఆదివారం పాఠాలు ఆవిడవే. మొగుడూ పెళ్లాల తగాదాలు అయ్యగారి దాకా వెళ్లకముందే ఆవిడ దగ్గర తెగిపోయేవి. అయ్యగారు ఊళ్లో లేని ఆదివారం ప్రసంగం కూడా ఆవిడే చేసేది. కానీ పీఠం ఎక్కి కాదు, కింద నిలబడి. ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసు చివరి విందుని తలుచుకునే ఆచరణలో, రొట్టె విరిచే పని మాత్రం పక్క సంఘం నుంచి ఇంకో అయ్యగారు వచ్చి చేసి వెళ్లాలి.

“జీతమెంత?” అని అడిగాను, వెటకారంగా కాదు.

“నాన్న జీతమే” అన్నాడు. “నాన్న పోయారు సార్, అయిదేళ్ల కింద. మూడు నెలల్లో క్వార్టర్ ఖాళీ చెయ్యమన్నారు. అది సరే, కొత్త అయ్యగారికి ఇల్లు కావాలి కదా. సామాను సర్దుకుని చివరి ఆదివారం గుడికి వెళ్తే, అప్పటిదాకా మా అమ్మని అమ్మగారూ అన్నవాళ్లు కొత్త పాస్టరు గారి భార్యని అమ్మగారూ అంటున్నారు. ఆవిడకి ఇరవై రెండేళ్లు. మా అమ్మని పేరు పెట్టి పిల్చారు. తప్పుగా కాదు, ఇంకేమనాలో తెలీక.”

బ్లేడుతో కాలమ్ అంచు ఒక గీత మందం కోసి, వంకర లేకుండా అంటించి, మళ్లీ నా వైపు చూడలేదు.

ఆ తీర్మానం అమలై, 1994 మార్చి 12న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ కథెడ్రల్‌లో తొలి విడత అభిషేకాలు జరిగాయి. 32 మంది స్త్రీలు. అక్షర క్రమంలో ఒక్కొక్కరినీ పిలిచారు. కాబట్టి చరిత్రలో మొదటి పేరు ఎవరిదన్నది ఇంటి పేరు నిర్ణయించింది. ఈసారి కాపీ నా చేతికి పెందలాడే వచ్చింది. తీరిగ్గా రాసి, పేస్టింగ్ కుర్రాడి మాట గుర్తొచ్చి మురిసిపోతూ శీర్షిక పెట్టాను: ‘చర్చికి 32 మంది కొత్త అమ్మగార్లు’.

ప్రూఫ్ తిరిగొచ్చింది. ‘అమ్మగార్లు’ చుట్టూ ఆకుపచ్చ సిరాతో సున్నా. పక్కన ఒకే ఒక్క మాట: ‘పుంయోగే?’

మా ప్రూఫ్ గదిలో ఒక పెద్దావిడ ఉండేవారు. రిటైర్మెంటుకి రెండు మూడేళ్లు ఉందేమో. ఆవిడ దగ్గర రెండు పెన్నులు. తప్పు అని తేలితే ఎర్ర సిరా. తప్పో ఒప్పో తేల్చుకోవాల్సింది మనమైతే ఆకుపచ్చ. ఎర్ర సిరాని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు, దిద్దేసి పోయేవాళ్లు. ఆకుపచ్చ వస్తే మాత్రం కాళ్లీడ్చుకుంటూ ఆవిడ గదికి వెళ్లాల్సిందే.

“ఈ 32 మందీ ఎవరి పెళ్లాలు నాయనా?” అన్నారు వెళ్లగానే.

“పెళ్లాలు కాదండీ, వాళ్లే...”

“వాళ్లే కదా! మరి అమ్మగారు అంటే అయ్యగారి భార్య అని కదూ జనం అనుకునేది?” అని, కళ్లు సగం మూసుకుని అమరం, అదే అమరసింహుడి సంస్కృత నిఘంటువు, ఎత్తుకున్నారు. రెండో కాండ, మనుష్య వర్గం. ‘స్యాదాచార్యాపి చ స్వతః’, ‘ఆచార్యానీ తు పుంయోగే’.

నాకు సంస్కృతం అంతంతమాత్రం. ఆవిడ విడమర్చారు. పాఠం చెప్పే స్త్రీ ఆచార్యా. అది స్వతః, అంటే తనంతట తాను అయింది. ఆచార్యుడి భార్య ఆచార్యానీ. అది పుంయోగే, అంటే మగవాడితో సంబంధం వల్ల వచ్చింది. ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరికీ గౌరవమే, కానీ ఆ గౌరవం ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పడానికి రెండు వేరు వేరు మాటలు. “పాఠం చెప్పే ఆడది అనేది ఒకతి లేకపోతే అమరసింహుడికి ఆ మాట అవసరమేముంది? నిఘంటువు రాసేవాడు జాలిపడి మాటలు పుట్టించడు. వాడుకలో ఉన్నవి ఏరుకుంటాడు” అన్నారు. వెంటనే తనే, “ఉపాధ్యాయీ అన్నమాట మాత్రం రెండు చోట్లా పెట్టాడు. అక్కడ ఆయనకీ ఎవరు ఎవరో తేలలేదు పాపం” అని నవ్వారు.

ఆవిడ అమరం నేర్చుకున్నది వాళ్ల నాన్నగారి దగ్గర. పొద్దున్నే తమ్ముడితో పాటు కూర్చోబెట్టి వల్లె వేయించేవారట. “నాకు అమరం నేర్పారు, మంత్రం నేర్పలేదు. తమ్ముడికి రెండూ నేర్పారు” అని ఒక క్షణం ఆగి, “వాడికి రెండూ రాలేదు” అన్నారు.

శీర్షిక మార్చాను. ఏమని మార్చానో గుర్తులేదు, చప్పగా ఉండి ఉంటుంది. గుర్తున్నది ఆ ప్రూఫ్ కాగితం మాత్రమే. అడిగితే ఇచ్చారు. ‘పుంయోగే?’ కింద ఇంకో మాట కూడా రాయించుకున్నాను, మర్చిపోకుండా: ‘స్వతః’.

అదే ఏడాది మే నెలలో రెండో జాన్ పాల్ పోప్ లేఖ వచ్చింది, కతోలిక సంఘంలో స్త్రీలకి గురుపట్టం కుదరదని. నేను ‘పోప్ నిరాకరణ’ అని పెట్టాను. మళ్లీ ఆకుపచ్చ. “ఇష్టం లేదంటున్నారా, అధికారం లేదంటున్నారా? సరిగ్గా చూడు.” చూశాను. ఆడవాళ్లకి పట్టం ఇచ్చే అధికారమే సంఘానికి లేదని ఉంది అందులో. క్రీస్తు తన పన్నెండుమంది అపొస్తలుల్నీ మగవాళ్లనే ఎంచుకున్నాడు, దాన్ని మార్చడానికి మేమెవరం అని వాదన. ‘ఇవ్వం’ అనడం వేరు, ‘ఇవ్వడం మా చేతుల్లో లేదు’ అనడం వేరు. మొదటిదానితో పోట్లాడొచ్చు. రెండోదాని ముందు పోట్లాటకి మనిషే దొరకడు. నా మటుకు నాకు ఆ వాదన ఎప్పుడూ మింగుడుపడలేదు. పునరుత్థానం వార్త మొదట మోసుకెళ్లింది మగ్దలేనే మరియ అని అదే సంఘం చెబుతుంది, అపొస్తలులకే అపొస్తలురాలు అని పాతకాలం నుంచీ పొగుడుతుంది. 2016లో ఆవిడ పండుగ హోదా కూడా పెంచారు. పొగడ్తకి లోటు లేదు.

ఈ ముక్క పేస్టింగ్ కుర్రాడితో అంటే వాడు మర్నాడు తెలుగు బైబిలు పట్టుకొచ్చాడు. రోమా పత్రిక, అంటే రోమాలోని సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, పదహారో అధ్యాయం. ఫీబే అనే ఆవిడ గురించి పౌలు రాసిన మాట. తెలుగులో ‘పరిచారకురాలు’. తిమోతికి రాసిన పత్రికలో సంఘ పెద్దల గురించి చెప్పేచోట మగవాళ్లకి ‘పరిచారకులు’. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట, డయాకొనోస్. ఇంగ్లీషులో పేరుమోసిన కొన్ని అనువాదాలు మగవాళ్ల దగ్గర దాన్ని సంఘంలో ఒక పదవి పేరైన ‘డీకన్’ అని, ఫీబే దగ్గర ‘సేవకురాలు’ అని మార్చేశాయి. మన అనువాదకులు మార్చలేదు. వాళ్లు స్త్రీవాదులని కాదు, మాటకి మాట వేశారంతే. ఆ రోజు మా కుర్రాడి మొహం చూడాలి. “మన తెలుగులో సరిగ్గానే ఉంది సార్, మనమే చదువుకోలేదు” అన్నాడు. పెద్దావిడకి చూపిస్తే, “ఎవరో మంచి ప్రూఫ్ రీడరు ఉండి ఉంటాడు” అన్నారు.

డెస్కు మీద పనిచేసినవాళ్లకి ‘తొలి’ అనే మాట మీద ఉండే మమకారం ఇంతా అంతా కాదు. ఏ వార్తకైనా ‘తొలి మహిళ’ అని తగిలిస్తే సింగిల్ కాలమ్ కాస్తా బాక్సు ఐటమ్ అవుతుంది. అమెరికాలో శాలీ ప్రీసాండ్ 1972లో రబ్బీ, అంటే యూదు మతగురువు, అయిన సంగతి ఒకసారి ఫిల్లరుగా రాస్తూ ‘ప్రపంచంలోనే తొలి మహిళా రబ్బీ’ అనేశాను. ఆకుపచ్చ సిరా: ‘ఎవరు లెక్కపెట్టారు?’ వివరం అడిగితే, “నీ తొలి అంతా నీకు తెలిసినంతలో తొలి. పైగా ఎప్పుడూ తొలి అంటావు, మలి ఎప్పుడంటావు?” అన్నారు. సరేలెమ్మని అలాగే వదిలేశాను. అప్పటికి ఆవిడ రిటైర్మెంటు దగ్గరపడింది. ఆకుపచ్చని దాటేసే ధైర్యం కొందరికి వచ్చేసింది. నాకూ వచ్చింది.

తప్పు నాదేనని చాలా ఏళ్ల తర్వాత, ఆఫీసులో ఇంటర్నెట్టు వచ్చాక తెలిసింది. బెర్లిన్‌లో రెగీనా యోనాస్ అనే యూదు యువతి ఉండేది. స్త్రీ రబ్బీ పదవి చేపట్టవచ్చునా అన్న ప్రశ్న మీదే 1930లో సిద్ధాంత వ్యాసం రాసింది. చేపట్టవచ్చునని యూదు ధర్మశాస్త్రం నుంచే ఆధారాలు చూపించింది. శాస్త్రాన్ని పక్కన పెట్టమనలేదు, శాస్త్రంలోనే ఉందంది. అయినా పట్టా చేతికి రావడానికి 1935 డిసెంబరు దాకా పట్టింది. 1942లో నాజీలు ఆమెని టెరెజీన్ నిర్బంధ శిబిరానికి పంపారు. అక్కడా ప్రసంగాలు చేసింది. ఆమె ఇవ్వదల్చిన 24 ఉపన్యాసాల జాబితా ఇప్పటికీ ఉంది. 1944లో ఆష్విట్జ్ మరణ శిబిరం. అంతే. ఆమెని ఎరిగినవాళ్లు కొందరు బతికి బయటపడ్డారు, పెద్ద పెద్ద పేర్లు సంపాదించారు, ఆమె మాట మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తలేదు. బెర్లిన్ గోడ కూలాక తూర్పు బెర్లిన్‌లోని ఒక భాండాగారంలో ఆమె కాగితాలు బయటపడ్డాయి. పట్టా, వ్యాసం, రబ్బీ దుస్తుల్లో ఫొటో.

ముప్పై ఏడేళ్ల తేడా. 1972లో శాలీ ప్రీసాండ్‌ని తొలి అన్నవాళ్లెవరూ అబద్ధం ఆడలేదు, నాలాగే. అసలు తొలి పెట్టెలో ఉంది.

ఆ తర్వాత ఆదివారం అనుబంధానికి ఒక వ్యాసం రాశాను, దాదాపు ప్రాయశ్చిత్తంలా. రెగీనా పక్కన లీ టిమ్-ఓయ్‌ని పెట్టాను. ఆమె కథ ఇంకా వింత. రెండో ప్రపంచ యుద్ధ కాలం. చైనా తీరంలోని మకావు శరణార్థులతో కిక్కిరిసింది. జపాన్ సైన్యం దారులన్నీ మూసెయ్యడంతో బల్ల ఆచరణకి అక్కడికి గురువు ఎవరూ వెళ్లలేని పరిస్థితి. ఉన్నది డీకనెస్‌గా పనిచేస్తున్న ఈమె ఒక్కతే. హాంకాంగ్ బిషప్ రొనాల్డ్ హాల్ చూశాడు. పనంతా ఆమె చేస్తూనే ఉంది, లేనిది పట్టమే. 1944 జనవరి 25న ఆమెకి గురుపట్టం ఇచ్చేశాడు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ కుటుంబానికి చెందిన ఆంగ్లికన్ సంఘాల చరిత్రలో అంతకుముందు ఏ స్త్రీకీ దక్కనిది. యుద్ధం అయిపోయింది. కరువులో పనికొచ్చిన మనిషి పంటలో అడ్డమైంది. పైనుంచి ఒత్తిడి వచ్చింది, బిషప్‌నీ నిలదీశారు. ఆమె 1946లో గురుత్వం నెరపడం మానుకుంది. పట్టాన్ని మాత్రం వదులుకోలేదు. మళ్లీ గుర్తింపు వచ్చేసరికి పాతికేళ్లు గడిచాయి. 1992 ఫిబ్రవరిలో టొరంటోలో చనిపోయింది. లండన్‌లో ఆ రెండు ఓట్ల గండం గట్టెక్కడానికి తొమ్మిది నెలల ముందు.

ఆ వ్యాసం కటింగు పోస్టులో పెద్దావిడకి పంపాను. వారానికి జవాబు కార్డు వచ్చింది, ఆకుపచ్చ సిరాతోనే. అక్షర దోషాలు నాలుగు పట్టుకున్నారు. కింద ఒక వాక్యం: ‘మనవాళ్ల సంగతి ఎప్పుడు రాస్తావు?’

మనవాళ్ల సంగతి రాయడం అంత సులువు కాదు, పక్కవాడి గుడి గురించి రాసినంత సులువు అసలే కాదు. గార్గి పేరు అందరం తలుస్తాం. యాజ్ఞవల్క్యుణ్ని నిండు సభలో నిలదీసిందని ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం. ఆ ఉపన్యాసం చెప్పేది మాత్రం ఎక్కువసార్లు మగవాడే. పుణేలో జ్ఞానప్రబోధిని సంస్థ స్త్రీలకి పౌరోహిత్యం నేర్పుతుందని తెలిసి ఆవిడకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “వయసు నిబంధన ఏమైనా ఉందా?” అని అడిగారు. హాస్యానికి అన్నారో నిజంగా అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

2005 మార్చి 18న అమెరికాలోని ఇస్లాం పండితురాలు అమీనా వదూద్ న్యూయార్క్‌లో స్త్రీ పురుషులు కలిసిన జుమా నమాజుకి ఇమాముగా నిలబడ్డారు. మసీదులేవీ చోటివ్వకపోతే ఒక కథెడ్రల్ ఆవరణలోని హాల్లో జరిపారు. మా కొత్త సబ్ ‘వివాదాస్పద’ అని మొదలెట్టాడు. నేను ఆ మాట తీసేయించాను. చైనాలో కైఫెంగ్ లాంటి చోట్ల హుయ్ ముస్లింలకి స్త్రీల మసీదులు, వాటిని నడిపే స్త్రీ ఇమాములు, వాళ్ల మాటలో అహోంగ్‌లు తరాలుగా ఉన్నారు. వాళ్లు నడిపించేది స్త్రీలనే, నిజమే. కానీ ఆ మాట కూడా తెలియకుండా ‘చరిత్రలోనే ఎన్నడూ లేని విధంగా’ అని ఎలా రాస్తాం? ఆ రాత్రి ఆకుపచ్చ పెన్ను నా చేతిలో ఉన్నట్టు అనిపించింది.

బౌద్ధ భిక్షుణుల వార్తలు వచ్చినప్పుడల్లా నాకు తల తిరిగేది. పెంచిన తల్లి ప్రజాపతి గౌతమి స్త్రీలకీ దీక్ష ఇమ్మని మూడుసార్లు అడిగితే కాదన్న బుద్ధుడు, ఆనందుడి మాట మీద ఒప్పుకున్నాడని కథ. ఎనిమిది నియమాలు పెట్టారు. దీక్ష తీసుకుని వందేళ్లయిన భిక్షుణి అయినా, ఆ రోజే దీక్ష తీసుకున్న కుర్ర భిక్షువుకి లేచి నమస్కరించాలన్నది అందులో మొదటిది. సరే, అదలా ఉంచండి. భిక్షుణి దీక్ష ఇవ్వాలంటే భిక్షువుల సంఘమూ ఉండాలి, భిక్షుణుల సంఘమూ ఉండాలి. శ్రీలంక, థాయిలాండ్ లాంటి థేరవాద బౌద్ధ దేశాల్లో భిక్షుణి పరంపర సుమారు వెయ్యేళ్ల కింద తెగిపోయింది. ఇచ్చే భిక్షుణులు లేరు గనక కొత్త భిక్షుణులు ఉండరు. భిక్షుణులు లేరు గనక ఇచ్చేవాళ్లు ఉండరు. చివరికి 1990ల్లో సారనాథ్‌లో, బోధ్‌గయలో తూర్పు ఆసియా భిక్షుణుల సాయంతో దీపం మళ్లీ ముట్టించారు. థాయిలాండ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన ధమ్మానంద 2003లో శ్రీలంక వెళ్లి దీక్ష తీసుకున్నారు, సొంత దేశంలో ఇవ్వరు గనక. ‘ఇవ్వడం మా చేతుల్లో లేదు’ అన్న మాట ఎక్కడో విన్నట్టుంది కదా.

2012 నవంబరులో ఇంగ్లండ్ సినడ్ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఈసారి స్త్రీలు బిషప్పులు కావచ్చా అని. మళ్లీ విశ్వాసుల సభే. ఆరు ఓట్లు తక్కువై వీగిపోయింది. ఏడాది తిరక్కుండానే, 2013లో, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా నంద్యాల డయాసిస్‌కి బిషప్‌గా ఎగ్గోని పుష్పలలితను అభిషేకించింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు వగైరా కలిసి 1947లో ఏర్పడ్డ సంఘం అది. ఆ సంఘానికి ఆమె మొదటి మహిళా బిషప్. ఇంగ్లండ్‌కి లిబ్బీ లేన్ రూపంలో ఆ రోజు రావడానికి 2015 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. యార్క్ మిన్‌స్టర్ కథెడ్రల్‌లో జనం ఆమోదం అడిగినప్పుడు ఒక గురువు లేచి, బైబిల్లో లేదు అని అరిచాడు కూడా. సువార్త పంపించామనుకున్న దేశం కంటే అందుకున్న దేశం ముందు నడిచింది. ఆ ముక్క శీర్షికలో పెట్టాలని నాకెంతో ఉబలాటం. స్థలం చాల్లేదు.

‘బిషప్’ దగ్గర నాకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ మాటకి ఆడా మగా లేదు. ఇరవై ఏళ్ల కింద పేజీ ఆపించిన సమస్య అరువు మాట పుణ్యమా అని ఎగిరిపోయింది. పెద్దావిడ ఉంటే ఏమనేవారో. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్లు.

మొన్న 2025 అక్టోబరు 3న చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో గురువులందరికీ పెద్దయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి సారా ముల్లాలీ పేరు ప్రకటించారు. ఒకప్పుడు నర్సు, ఇంగ్లండ్ నర్సింగ్ విభాగానికి అధిపతిగా చేసిన మనిషి. నేను రిటైరై చాలా కాలమైంది గానీ చెయ్యి ఊరుకోదు కదా, ఫోన్లో వార్త చూస్తూనే మనసులో శీర్షిక కట్టేశాను. ‘తొలి’ లేకుండా, ‘మహిళా’ లేకుండా కట్టాలని పంతం. ‘కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా సారా ముల్లాలీ’. ఎంత చూసినా అది వార్తలా లేదు, బదిలీ ఉత్తర్వులా ఉంది. ‘మలి’ అనే రోజు వస్తే తప్ప ఆ శీర్షిక నిలబడదు.

పేస్టింగ్ కుర్రాడికి ఫోన్ చేశాను. కుర్రాడేమిటి, వాడికీ మనవరాలు పుట్టింది. బ్లేడు నుంచి కంప్యూటరుకి మారి, పేజీ డిజైనరుగా రిటైరయ్యాడు. వాడి చెల్లెలు వేదాంత కళాశాలలో చదివి పట్టం తీసుకుని పాస్టరుగా చేస్తోంది. మొదట్లో సంఘంవాళ్లు ‘పాస్టరమ్మ’ అనేవారట. అదీ పాస్టరు భార్యకి వాడే మాటే. తర్వాత ‘మేడమ్’ అన్నారట. ఆవిడ భర్త బ్యాంకు ఉద్యోగి. ఆయన్ని ఏమనాలో తెలియక ‘సారు’తో సరిపెట్టుకున్నారు. ఆయనకే ఇబ్బందీ లేదట.

“ఇప్పుడు ఏమంటున్నారు?” అన్నాను.

మొన్న వాడు చెల్లెలింట్లో ఉండగా, తెల్లవారుజామున ఎవరో తలుపు కొట్టారట. ముసలాయన. ఇంట్లో మనిషి పోయినట్టున్నారు, చేతులు వణుకుతున్నాయి. తలుపు తీసింది చెల్లెలే. ఆయన ఆవిడ మొహంలోకే చూస్తూ అడిగాడట, “అయ్యగారు ఉన్నారా అమ్మా?”

“ఉన్నాను, పదండి” అని చెప్పులేసుకుందట.